ఊక పారబోసి వంతెన దాటిన రోజు

ఆ బోర్డు మీద ఊక గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మెట్రోలో పక్కన కూర్చున్నావిడ ఏ పుస్తకం చదువుతోందో కూడా డైరీలో రాసుకునే నేను, ఆ రోజు పేజీలో మాత్రం "బోర్డు చూసి చెప్పాను" అని రాసుకున్నాను. డైరీకి కూడా అబద్ధం చెప్పానన్నమాట.

తార్నాకలో మా యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో మూడేళ్లు ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా పనిచేశాను. ఇప్పుడు వేరేచోట ఉన్నాను. ఆ కుర్చీలోకి మీలో ఎవరో ఒకరు వచ్చే ఉంటారు. పని పెద్ద కష్టమేమీ కాదు. మెయిళ్లు రాయాలి, ఫారాలు నింపాలి, ఎవరికి ఏ సంతకం కావాలో గుర్తుపెట్టుకోవాలి. నాలాంటి మాటలు రానివాళ్లకు సరిగ్గా సరిపోయే ఉద్యోగం. మూడేళ్లలో నేను ఎక్కువ మాట్లాడింది కాగితాలతోనే. అదే నా అర్హత అనుకునేదాన్ని. నా పొరపాటు కూడా అక్కడి నుంచే వచ్చింది.

మా బిల్డింగు వెనకాల గాజు వర్క్‌షాప్ ఉండేది. ప్రయోగాలకు కావలసిన గొట్టాలు, ఫ్లాస్కులు మంట మీద ఊది చేసే చోటు. అందులో ఉన్నది ఒకే ఒక్కరు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. నేను మాత్రం ఉస్తాద్ గారూ అనేదాన్ని. మాది తెనాలి వైపు కుటుంబం, గారు చేర్చకపోతే పెద్దవాళ్లను పిలిచినట్టు ఉండదు నాకు. మొదటిసారి విని ఆయన బర్నర్ ఆర్పేసి మరీ నవ్వారు.

"ఉస్తాద్‌కి గారు ఏంది బిడ్డా? చాయ్‌ల చెక్కెర ఏసినంక మల్ల బెల్లం ఏసినట్టు."

ఆయన ఉండేది లాలాపేట్‌లో. పదో తరగతి దాకా కూడా చదవలేదు. ఇంగ్లీషు అక్షరాలు రావు. కానీ పీహెచ్‌డీ చేసేవాళ్లు నోట్‌బుక్‌లో గీసుకొచ్చిన బొమ్మ చూసి, "గీ మూల గిట్ల వంగితే గ్యాస్ ఆగిపోతది సార్, జర మార్చుకో" అనగలిగేవారు. వాళ్లు వెళ్లి లెక్క చూసుకుంటే ఆయన చెప్పిందే నిజమయ్యేది. మంట దగ్గర గాజు మెత్తబడుతుంటే ఆయన మెడ కొంచెం పక్కకు వాలేది, ఎవరో చెప్పే రహస్యం వింటున్నట్టు. పని లేకపోయినా ఏదో ఒక ఫైలు పట్టుకుని వెళ్లి అది చూసేదాన్ని.

మా ప్రొఫెసర్ మేడమ్‌కి మకావ్‌లోని ఒక ల్యాబ్‌తో కలిసి చేసే ప్రాజెక్ట్ ఉండేది. వాళ్లకొక గాజు కాయిల్ కావలసి వచ్చింది. మూరెడు పొడవున్న గొట్టం, దాని లోపల అగరుబత్తి పుల్లంత సన్నని ఇంకో గొట్టం స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉంటుంది. పై గొట్టానికి రెండు చివర్ల దగ్గరే అతుకుతుంది. మధ్యలో ఎక్కడా దేనికీ తగలదు. అలాంటిది చేతితో చేసేవాళ్లు ఇప్పుడు అరుదట. ఉస్తాద్ పదకొండు రోజులు కూర్చుని చేశారు.

కొరియర్‌లో పంపాం. పగిలింది. మళ్లీ చేశారు, మళ్లీ పంపాం. మళ్లీ పగిలింది. రెండుసార్లూ పై గొట్టం నిక్షేపంగా ఉంది, లోపలి చుట్టే ముక్కలైంది. కొరియర్ వాళ్లు ఊక వద్దని, వాళ్ల ఫోమ్‌తోనే బిగించి ప్యాక్ చేశారు.

"ఫోమ్ గట్టిగ పట్టుకుంటది. బయట దెబ్బ తగిల్తే సీదా లోపలికి పంపుతది," అన్నారు ఉస్తాద్. "ఊక పట్టుకోదు. ఊక జరుగుతది."

లాలాపేట్‌లో ఐసు దిమ్మలు అమ్మే డిపో నుంచి ఆయన వరి ఊక తెచ్చుకునేవారు. కడిగి, వర్క్‌షాప్ మేడ మీద ఆరబోసి, జల్లెడ పట్టి చెక్కపెట్టెలో నింపేవారు. గాజు వస్తువు దాని మధ్యలో పడుకునేది. ఆ పెట్టెను వెనక మెట్ల మీద మూడో మెట్టు నుంచి కింద పడేసి చూపిస్తే గానీ ఏ వస్తువునూ బయటికి పంపేవారు కాదు. ఆయన గురువు పెట్టిన ఆచారమట అది. పెట్టె పడే రోజు రీసెర్చ్ స్కాలర్లు, గుమస్తాలు, క్యాంటీన్ వాళ్లు కూడా వచ్చి నిలబడేవారు.

మూడో కాయిల్ తయారయ్యాక మేడమ్ ఆయన్ని పిలిపించారు. నేను మూలన ఫైలుతో నిలబడి ఉన్నాను.

"ఉస్తాద్, నువ్వే తీసుకెళ్లు, ఈ అమ్మాయి తోడొస్తుంది. ఇదీ పగిలిందంటే బయటి కంపెనీకి ఆర్డర్ ఇచ్చేస్తారు. నువ్వు రిటైరయ్యాక నీ పోస్టులో ఎవరినైనా తీసుకోమని అడగడానికి నా దగ్గర మాట ఉండదు. వర్క్‌షాప్ గది కంప్యూటర్లకు కావాలని ఇప్పటికే అడుగుతున్నారు."

ఆయనకింకా నాలుగు నెలల సర్వీసు ఉంది. భుజం మీది తువ్వాలతో చేతులు తుడుచుకున్నారు. తర్వాత, "బర్నర్‌లు ఏం జేస్తరు మేడమ్, పాత సామాన్ల అమ్ముతరా?" అని మాత్రం అడిగారు.

ప్రయాణం కాగితాలన్నీ నావే. విమానంలో హాంకాంగ్, అక్కడి నుంచి సముద్రం మీది పొడుగాటి వంతెన దాటించే షటిల్ బస్సులో మకావ్. పడవ కూడా ఉంది కానీ, "అల మన మాట ఇంటదా?" అని ఆయన బస్సే అన్నారు. రెండు చోట్లా వేర్వేరు ఇమిగ్రేషన్, వేర్వేరు కస్టమ్స్. నేను అన్ని నిబంధనలూ చదివాను. చదవడం ఒక్కటే నాకొచ్చిన విద్య. మకావ్ కస్టమ్స్ పేజీలో, అన్నిటికన్నా అడుగున ఉంది ఆ లైను. ప్యాకింగ్‌కు వాడే గడ్డి, పొట్టు వంటివి తగిన సర్టిఫికెట్ లేకుండా తేకూడదు, తెస్తే సామానుతో సహా ఆపుతారు.

ఆ పేజీ ప్రింట్ తీసి, పెన్సిల్‌తో గీత గీసి, వర్క్‌షాప్‌కి బయల్దేరాను. నేను వెళ్లేసరికి పెట్టె మూడో మెట్టు మీద ఉంది. చుట్టూ ఇరవై మంది. ఉస్తాద్ కాలితో అలా తోశారు. దడేల్‌మని పడింది. తెరిచి, ఊక తవ్వి, కాయిల్ తీసి ఎండకు ఎత్తి చూపించారు. అందరూ చప్పట్లు. ఎవరో ఈల కూడా వేశారు. ఆయన నన్ను చూసి, "ఏంది బిడ్డా, ఏమన్న సంతకమా?" అన్నారు.

"ఏం లేదండీ," అన్నాను. కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుని వచ్చేశాను.

అంతమంది ముందు కదా, రేపు చెబుదాం అనుకున్నాను. రేపు మేడమ్ ఉన్నారు. ఎల్లుండి ఆయన జ్వరంగా ఉందన్నారు. నోరు తెరవకపోవడానికి ఎన్ని మర్యాదైన కారణాలు దొరుకుతాయో నా డైరీలన్నీ చూస్తే తెలుస్తుంది.

హాంకాంగ్‌లో పొద్దున్నే దిగాం. పెట్టె ఎవరూ తెరవలేదు. ఎయిర్‌పోర్టు నుంచి చిన్న బస్సులో వంతెన మొదట్లో ఉన్న టెర్మినల్‌కి వెళ్లాం. సికింద్రాబాద్ స్టేషన్ మొత్తం తెచ్చి పెట్టినా ఓ మూలకు సరిపోయేంత హాలు. పైన కప్పు అలల్లా ఉంది. ఉస్తాద్ తల వెనక్కి వంచి చూస్తూనే ఉన్నారు. "ఎవడు గట్టిండో గని, చెయ్యి మంచిది," అన్నారు.

ఒక గోడ మీద బోర్డు ఉంది. తీసుకెళ్లకూడని వస్తువుల బొమ్మలు. మాంసం, పండ్లు, కుండీలో మొక్క, గుడ్లు. కింద మూడు భాషల్లో రాత. పక్కనే యూనిఫాంలో ఒకాయన కుక్కను పట్టుకుని నడుస్తున్నాడు. కుక్క ఒక ముసలావిడ సంచీ దగ్గర కూర్చుంది. ఆమె సంచీలోంచి నారింజపండ్లు బయటికి తీశారు.

వంతెన అవతల ఇదే పెట్టె దగ్గర ఇంకో కుక్క కూర్చుంటుంది. పెట్టె మొత్తం ఉంచేసుకుంటారు. ఆ మాట ఇప్పుడు చెప్పకపోతే, ఇంక ఆ వర్క్‌షాప్ గది ఉండదు, ఉస్తాద్ తర్వాత అందులో ఎవరూ ఉండరు.

"ఉస్తాద్ గారూ..."

"ఆఁ."

"ఊక తీసుకెళ్లనివ్వరండీ. ఆపేస్తారు. పెట్టెతో సహా."

ఆయన ఆగారు. "ఎవలన్నరు?"

"బోర్డు... ఆ బోర్డు మీద ఉంది."

ఆయన బోర్డు వైపు తిరిగారు. చాలాసేపు చూశారు. నా చెవుల్లోంచి ఆవిరి వస్తోందనిపించింది. తర్వాత పెట్టె కింద పెట్టి, భుజం మీది తువ్వాల తీశారు.

"సరే. తీసేద్దాం."

అంతే. ఎందుకు, ఏమిటి, ముందే ఎందుకు చెప్పలేదు, ఏమీ లేదు. ముప్పై ఐదేళ్ల అలవాటును ఆ మనిషి రెండు మాటల్లో పక్కన పెట్టారు.

ఊక పారబోయడం అనుకున్నంత తేలిక కాదు. చెత్తబుట్ట పక్కన ప్లాస్టిక్ సంచీలోకి ఒంపుతుంటే పైనుంచి ఏసీ గాలి వచ్చి, మెరిసే ఆ నేల మీద లాలాపేట్ ఊక బంగారు రంగులో పరుచుకుంది. జనం ఆగి చూస్తున్నారు. నేను మోకాళ్ల మీద కూర్చుని చున్నీతో ఎగదోస్తున్నాను. ఊడ్చే ఆవిడ ఒకరు చీపురు తెచ్చారు. తిడుతుందనుకున్నాను. ఆవిడ చిటికెడు ఊక తీసి వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, ఏదో అని నవ్వింది. ఉస్తాద్ కూడా తెలుగులో ఏదో అన్నారు. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది.

పెట్టె మూలల్లో ఇరుక్కున్న పొట్టును నేను జడపిన్నుతో గీకి తీశాను. కాయిల్ ఆయన తువ్వాల్లో ఉంది.

"బట్టలు కుక్కుదామా పెట్టెలో?" అడిగాను.

"కుక్కితే ఫోమే కద. పెట్టె నేల మీద ఉంటే బస్ దెబ్బలన్ని దానికే తగుల్తయి." చుట్టూ చూశారు. తర్వాత నా చున్నీ వైపు చూశారు. "ఊక లేకుంటే మనమే ఊక అయితం. మనిషి ఒళ్లు జరుగుతది, గట్టిగ పట్టుకోదు. గా చున్నీ ఇయ్యి."

చున్నీ ఒక కొస ఆయన మెడకు, రెండో కొస నా మెడకు. మధ్యలో జోలె. జోలెలో తువ్వాలలో కాయిల్. కింద ఆయన కుడి అరచేయి, నా ఎడమ అరచేయి. అలా ఇద్దరం జత ఎద్దుల్లా ఇమిగ్రేషన్ దాటాం. ఆఫీసర్ల ముందు ఒకరి తర్వాత ఒకరు నిలబడాలి కాబట్టి అక్కడ మాత్రం ఆయన ముడి విప్పి మొత్తం తన మెడకే వేసుకున్నారు. మళ్లీ అవతల కట్టుకున్నాం.

నన్ను ఎవరైనా చూస్తే తల దించుకునే రకం నేను. క్లాసులో హాజరు పలకాలన్నా రెండు పేర్ల ముందు నుంచే గుండె కొట్టుకునేది. ఆ రోజు బస్సులో నలభై మంది నన్ను చూశారు. ఎదుటి సీటులోని పెద్దావిడ లేచి మరీ వచ్చి, పాప ఆడో మగో చూద్దామని కాబోలు, జోలెలోకి తొంగి చూసింది. గాజు గొట్టం చూసి వెనక్కి తగ్గి, మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"మన బిడ్డ జర సన్నగ పుట్టింది అమ్మా," అన్నారు ఉస్తాద్, ఆమెకు తెలుగు వచ్చినట్టు.

నాకు నవ్వొచ్చింది. "నవ్వకు, కదుల్తది," అన్నారు. ఇంకా నవ్వొచ్చింది.

బెల్టులు పెట్టుకోమని మూడు భాషల్లో చెప్పారు. బస్సు కదిలింది. బండ్లన్నీ కుడిపక్క నడుస్తున్నాయి. కాసేపటికి రెండు వైపులా సముద్రం వచ్చేసింది. బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగు. మంచులో దూరంగా ఓడలు. వంతెన తిన్నగా లేదు, మెల్లగా వంపు తిరుగుతూ పోతోంది. ముందు ఎక్కడికి వెళ్తుందో కనపడుతుంది కానీ కొస కనపడదు. ఇంత సముద్రం నేనెప్పుడూ చూడలేదు. కానీ కిటికీ వైపు పూర్తిగా తిరగడానికి లేదు, మెడకు జోలె ఉంది.

బస్సు కింద ఒక చప్పుడు వస్తోంది. టక్. కాస్త ఆగి, టక్.

"ఇన్నవా? అతుకులు," అన్నారు ఉస్తాద్. "ముక్కకు ముక్కకు నడ్మ సందు ఇడ్సిండ్రు. ఎండకు పెరగాలె కద. సందు ఇడువకుంటే పగుల్తది. మన గాజు గంతే." ఆయన కళ్లు మూసుకున్నారు. ప్రతి టక్‌కీ ముందే ఆయన చేయి పిసరంత కిందికి దిగేది. తర్వాత పైకి వచ్చేది. బస్సు చెప్పేదానికన్నా ముందే ఆయనకు తెలుస్తోంది. నేనూ లెక్క పట్టి అలాగే చేయడం మొదలుపెట్టాను. కొద్దిసేపటికి మా రెండు చేతులూ కలిసి దిగి, కలిసి లేస్తున్నాయి. మధ్యలో గాజు నిద్రపోతోంది.

"నేను కొత్తల ఉన్నప్పుడు," అన్నారు ఆయన, కళ్లు తెరవకుండానే, "మా ఉస్తాద్ చేసిన ఫ్లాస్క్‌ల ఎంట్రుక అంత గీత చూసిన. చెప్పలే. అంత పెద్దమనిషికి నేనేం చెప్పాలె అనుకున్న. ఒక స్టూడెంట్ చేతిల అది పగిలింది. ఇరవై రోజులు కట్టు కట్టుకొని తిరిగిండు ఆ పోరడు. మా ఉస్తాద్ నన్ను ఒక్క మాట అనలే. ఆయనకు తెల్వదు గద, నేను చూసిన్నని."

టక్.

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. అంతలో బస్సు కిందికి దిగడం మొదలుపెట్టింది. వంతెన ఒక దీవి దగ్గర సముద్రం అడుగున సొరంగంలోకి వెళ్తుంది. వెలుగు పోయి దీపాలు వచ్చాయి. కాయిల్ ముందుకు జారబోయింది. "నీ చెయ్యి లేపు, నాది దింపుతున్న," అన్నారాయన గబగబా. లేపాను. మా నెత్తి మీద ఓడలు నడుస్తున్నాయి. మా చేతుల్లో గాజు సమంగా ఉంది. పైకి ఎక్కేటప్పుడు తిరగేసి చేశాం. మళ్లీ పగలు, మళ్లీ నీళ్లు వచ్చేసరికి చెప్పాల్సిన మాట ఎక్కడో అడుగున ఉండిపోయింది.

మకావ్ వైపు కస్టమ్స్‌లో అన్నీ స్కానర్ బెల్టు మీద పెట్టమన్నారు. పెట్టెను పెట్టాం. కుక్క వచ్చి వాసన చూసింది. అటూ ఇటూ తిరిగింది. వెళ్లిపోయింది. తర్వాత ఆఫీసరు జోలె వైపు వేలు చూపించి బెల్టు చూపించాడు. ఆ బెల్టు చివర వస్తువులు ఇనుప రోలర్ల మీద ధడధడా పడుతున్నాయి.

ఉస్తాద్ నా వైపు చూశారు. ఇంగ్లీషు నా దగ్గరే ఉంది.

నేను వద్దన్నాను. గట్టిగానే అన్నాను, వెనక వరసలోవాళ్లు తిరిగి చూసేంత. ఇది గాజు అనీ, ఈయన పదకొండు రోజులు ఊది చేశారనీ, రెండుసార్లు పగిలిందనీ, చేతితోనే చూడమనీ, ఎంతసేపైనా చూడమనీ. వ్యాకరణం ఎటు పోయిందో తెలియదు. ఆఫీసరు ఇంకొకాయన్ని పిలిచాడు. ఇద్దరూ టార్చి వేసి చూశారు. వెలుగు లోపలి చుట్టల గుండా పాకి అవతలి కొస దగ్గర చిన్న చుక్కలా నిలబడింది. రెండో ఆయన ఏదో అడిగాడు, చేతులు నోటి దగ్గర పెట్టి ఊదినట్టు చేసి. ఉస్తాద్ తలూపారు. ఆ ఆఫీసరు తానే ముందు నడిచి మాకోసం గేటు తెరిచి పట్టుకున్నాడు.

ల్యాబ్‌లో కాయిల్‌ను బిగించి గాలి లాగేశారు. లీకు ఉంటే మీటరు ముల్లు కదులుతుంది. ఒక గంట చూస్తామన్నారు. ఉస్తాద్ వరండాలో స్టూలు మీద కూర్చుని తన చెప్పులు చూసుకున్నారు. గంట తర్వాత తలుపు తెరుచుకుని, అక్కడి శాస్త్రవేత్త, నాకన్నా ఓ రెండేళ్లు పెద్దదేమో, బయటికి వచ్చి ఆయన ముందు నడుం వంచింది. ముల్లు కదల్లేదు. ఆయన కంగారుగా లేచి తనూ వంగారు. నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనపడేది అదే. ఇద్దరూ వంగి, ముందు ఎవరు లేవాలో తెలియక అలాగే ఉండిపోవడం.

తిరిగొచ్చాక ఏదో అద్భుతం జరిగిందనుకోకండి. పర్మనెంట్ పోస్టు రాలేదు. కాంట్రాక్టు మీద గోల్నాక నుంచి ఒక అమ్మాయిని తీసుకున్నారు. కానీ గది పోలేదు. బర్నర్లు పాత సామానుకు పోలేదు. చివరి మూడు నెలలూ ఆయన ఆ అమ్మాయికి మెడ ఎటు వంచాలో నేర్పించారు. వెళ్తే చూడండి, ఇప్పుడు మూడో మెట్టు మీద నుంచి పెట్టెను తోసేది ఆ అమ్మాయే.

రిటైర్మెంట్ రోజు శాలువా, దండ, మేడమ్ ప్రసంగం అయ్యాక, నేను ఆయనతో తార్నాక చౌరస్తా దాకా నడిచాను. ఆ వారంలోనే ఆయన కూతురి దగ్గరికి కరీంనగర్ వెళ్లిపోతున్నారు. దండ తీసి సంచీలో పెట్టుకున్నారు. లాలాపేట్ బస్సు కోసం నిలబడ్డాం. ఇప్పుడైనా చెప్పాలనుకుంటూ నేను చెప్పు కొసతో నేల గీస్తున్నాను.

"గా బోర్డు యాదికున్నదా?" అన్నారు ఆయనే.

నేను తలెత్తలేదు.

"మాంసం, పండ్లు, గుడ్లు, చెట్టు. నాకు అచ్చరాలు రాకున్నా బొమ్మలు కనవడ్తయి గద. ఊక యాడ లేకుండె."

"మరి... ఎందుకు పారబోశారు?"

"మూడేండ్లల్ల నువ్వు నా పని మీద ఒక్క మాట అన్లే. ఆడ అన్నవ్. ఊకెనే అంటవా?"

బస్సు వచ్చింది. ఆయన మెట్టెక్కి, కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగారు. కండక్టర్ లోపలికి జరగమంటున్నా జరగలేదు.

"మల్ల గట్లాంటిది ఏమన్న చదివితే, తార్నాకలనే చెప్పు బిడ్డా. సముద్రం దాంక ఆగకు."